ఎద్దు పని అయిపోయింది

కురవి పక్క తండాలో ఉండే లాలి పదమూడేళ్లుగా ఊరి గొడ్లను మేపుతోంది. పొద్దున్నే వాకిట్లో ఆమె గొంతు వినబడితే చాలు, కట్టుకొయ్యల దగ్గర గొడ్లు వాటంతటవే లేచి నిలబడేవి. పంట ఇంటికొచ్చాక ఒక్కో ఇంటివాళ్లు ఇన్ని గింజలు కొలిచి పోసేవాళ్లు. ఆమె పిల్లలు తినేది ఆ గింజలే. ఇక ఆమెకంటూ సొంతానికి ఉన్నది ఒక్క ఎద్దు. తెల్లటిది, నుదుట నల్ల మచ్చ, నెత్తి మీద పిడుగు పడినా నెమరు ఆపని రకం.

ఆ నెమ్మదే దానికి పేరు తెచ్చింది. ఎనభై రెండులో భూపాలపల్లి దిక్కు అడవిలో షూటింగ్ పెట్టుకున్న సినిమావాళ్లు, బెదరని ఎద్దు కోసం ఊరూరా వెతికి, దీన్ని లారీ ఎక్కించుకుపోయారు. నాలుగు రోజులన్నారు. ఐదో రోజు వాళ్ల మేనేజరు ఆగయ్య చాయ్ హోటల్ ముందు జీపు ఆపి, "తండాలో చెప్పండి, వాళ్ల ఎద్దు పని అయిపోయిందండీ. ఎవరైనా వచ్చి తోలుకెళ్లమనండి" అన్నాడు.

కోస్తా మనిషి, పాపం మర్యాదగానే చెప్పాడు. ఆగయ్య చెవికి మాత్రం మొదటి సగమే ఎక్కింది. ఎక్కిన మాటను కడుపులో దాచుకునే అలవాటు ఆయనకు పుట్టుకతోనే లేదు. సాయంత్రానికల్లా ఎద్దును గుట్ట మీది నుంచి తోసి చంపారని ఊరు ఊరంతా చెప్పుకుంది. మేనేజరు నోట రాని గుట్ట మధ్యలో ఎట్లా లేచిందని ఒక్కరూ అడగలేదు.

ఆ మాట నమ్మక లాలి మొగుడు భోజ్యా వెళ్లి, ఐదు రోజులు నడిపించుకుంటూ ఎద్దును ఇంటికి తెచ్చాడు. దాని నుదుట మచ్చ లేదు. సినిమాకు అచ్చ తెల్ల ఎద్దు కావాలని వాళ్లేదో రంగు పూశారట. మచ్చ లేదు కాబట్టి ఇది వేరే ఎద్దు అన్నారు ఊళ్లోవాళ్లు. రెండు వానలకు రంగు కరిగి మచ్చ బయటపడితే, లాలి బొగ్గు పూసిందన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఇదే.

నవ్వులాటతో పోతే బాగుండేది. కానీ ఎద్దును చావుకు పంపినదాని చేతికి మా గొడ్లనిస్తామా అని ఒక్కో ఇల్లే మానుకుంది. చివరికి ఇరవై గొడ్లున్న కమలాదేవి దొరసాని కూడా వేరే మనిషిని పెట్టుకుంది. లాలి ఇంట్లో గింజల గంప అడుగంటింది. తట్టుకోలేక ఆమె ఆగయ్యను నిలదీసింది.

"ఎద్దు నా ఇంటి ముంగట మేస్తాంది. వచ్చి సూడు ఆగయ్యన్నా."

"సూసేదేముంది లాలీ. మన మాటను సినిమాల ఎక్కిరిస్తరు. గసొంటోళ్లు మన ఎద్దును బతకనిస్తరా?"

ఆ మాటలో సగం నిజమే మరి. మనసులో ముల్లు ఉన్నవాడికి అబద్ధం కూడా నొప్పిగానే తగులుతుంది, నొప్పిని కాదని ఎవరనగలరు?

మరుసటి ఏడు ఆ సినిమా మానుకోట టాకీసుకు వచ్చింది. మధ్యాహ్నం ఆటకు సగం ఊరు బస్సెక్కింది. లాలీ వెళ్లింది. నేల మీద కూర్చుంది. వెనక కుర్చీలో కమలాదేవి. సినిమా సగంలో ఏటి ఒడ్డున బండి ఒరిగింది, తెల్ల ఎద్దు పడిపోయింది. నాలుక బయటికొచ్చింది. మళ్లీ లేవలేదు.

పొద్దున ఆ ఎద్దుకు తన చేత్తోనే గడ్డి వేసి వచ్చింది లాలి. అది లేచిందని ఆమె కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఆ హాల్లో ఎవరూ లేరు. అయినా ఆపుకోలేక బావురుమంది. ఆ నాలుగు రోజులు దాన్ని ఎట్లా పడుకోబెట్టారో, ఏం చేశారో తనకేం తెలుసు? నోరు లేనిది, అడిగితే చెబుతుందా? ఊరిని తిట్టుకున్నదల్లా ఆ క్షణాన తానూ ఊరిలో కలిసిపోయింది.

హాలు బయట ఆగయ్య నలుగురిని పోగేసి, "ఉత్తగనే ఏడుస్తదా? ఇగ సాక్ష్యమేం గావాలె?" అంటున్నాడు. నాలుగు తలలూ ఊగాయి. తన ఏడుపే తన కొంప ముంచిందని లాలికి అర్థమైంది. తల వంచుకుని రోడ్డు పట్టింది. వెనక నుంచి కమలాదేవి పిలిచింది.

"బస్సుకు ఆగకుంట యాడికి పోతున్నవ్?"

"ఇంటికి దొరసానీ. ఎద్దును కట్టేసి వచ్చిన. మంచిగనే ఉంటది, ఎరికే. అయినా జర పోయి సూసుకోవాలె."

కమలాదేవి దగ్గరికొచ్చి ఆమె ఏడ్చిన మొహాన్ని చూసింది.

"సచ్చిన ఎద్దుకు ఎవలైనా ఏడుస్తరు. బతికున్న ఎద్దుకు ఏడ్సినదాన్ని నిన్నొక్కదాన్నే సూసిన. రేపు పొద్దుగాల వచ్చి మా గొడ్లను తోలుకపో."