పొద్దెక్కాక తిరిగిన ఇసుర్రాయి

ఇప్పటివాళ్ళకు అన్నిటికీ డిప్రెషన్ అనే మాట ఒక్కటే దొరికింది. రేడియో పెడితే సముద్రంలో డిప్రెషన్ అంటుంది. నా చిన్నతనంలో లోకమంతా డిప్రెషన్ అని మా మనవడు పుస్తకం చూసి నాకే చెబుతాడు. మొన్న డాక్టరమ్మ మా వీధి చివరింటి కోడలికి కూడా డిప్రెషనే అన్నది. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని సంగతులకు ఒక్క మాటతో సరిపెడతారా! కామారెడ్డిలో మా ఇంటికి ఈ మూడూ ఒకే ఏడు వచ్చాయి. మేము మాత్రం దేని పేరు దానికి పెట్టుకున్నాం.

నిజాంసాగర్ కాలువ నీళ్ళు పారడం మొదలైన కొత్తలు అవి. చెరుకు విరగ పండింది, బెల్లం కొనే దిక్కు లేదు. మా నాన్నను బాపు అనేవాళ్ళం. స్టేషన్ దగ్గర ఆయన దుకాణంలో బెల్లం ముద్దలు పేర్చినవి పేర్చినట్టే ఉండేవి. "గిరాకి పడిపోయింది" అనేవాడు బాపు. దాని మీద ముసురు పట్టింది. బెల్లం చెమర్చి, కరిగి, దుకాణం గడప దాకా కారింది. చీమలకు కూడా మొహం మొత్తిందని బాపు నవ్వబోయి నవ్వలేకపోయేవాడు. ఆ ముసురులోనే నెల నిండని మా తమ్ముడు పోయాడు. అమ్మకు దిగులు పట్టింది.

గిరాకి ఎప్పటికో మళ్ళీ వస్తుంది, ముసురు ఎన్నడో ఒకనాడు విడుస్తుంది. దిగులు ఎట్లా పోతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

అమ్మంటే వాడకట్టుకంతా ప్రాణం. కొంప ముంచింది ఆ ప్రేమే. చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించనివ్వకుండా చుట్టుపక్కల ఆడవాళ్ళు అన్నం తెచ్చిపెట్టడం మా వైపు ఆనవాయితీ. దినాలు అయిపోయినా వాళ్ళు ఆపలేదు. ఒకామె నీళ్ళు మోసేది, ఒకామె వాకిలి ఊడ్చేది, ఇంకొకామె మా జొన్నలు తీసుకుపోయి పిండి విసిరి తెచ్చేది. అమ్మ చీపురు మీద చెయ్యి వేస్తే చాలు, "నువ్వు కూసో బిడ్డా, మేం లేమా?" అని లాక్కునేవాళ్ళు. అమ్మ కూర్చుంది. గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. నా జడ వేయడం కూడా మానేసింది. పాపం, ఆమె చేతులకు ఏ పనీ మిగల్లేదు.

బాపు ఎల్లారెడ్డికి, అమ్మ పుట్టింటికి, కబురు పెట్టాడు. "తల్లిగారింట్ల కొన్నొద్దులుంటే మనసు మంచిగైతది" అన్నాడు. నన్ను మాత్రం పంపరట, నాయనమ్మ దగ్గరే ఉండాలట. అంతకుముందే నీళ్ళు మోసే ఆమె ఇంకొకామెతో గుసగుసలాడటం నా చెవిన పడింది. "గిట్ల పోయినోళ్ళు మల్లొస్తరా? ఏడు తిరిగేసరికి ఇంకొకతె వస్తది సూడు." అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. అమ్మ బండెక్కితే ఇక రాదని గట్టిగా అనుకున్నాను.

నాయనమ్మ నోరంటే వాడకట్టుకు హడల్. అటువంటి మనిషి ఈ సంగతిలో ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. దాంతో నాకు ఇంకా భయమైంది.

ముసురు విడిచాక మా మామ, అంటే అమ్మ అన్న, బండి కట్టుకుని వచ్చాడు. మర్నాడు పొద్దున అమ్మను ఎక్కించారు. నేను బండి చక్రం పట్టుకుని వదలలేదు. అప్పుడు ఇంట్లోంచి ఇసుర్రాయి చప్పుడు మొదలైంది.

మాది పెద్ద రాయి. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పాలి. అది కోడికూత వేళ పని. పొద్దెక్కాక విసరడం ఎవరూ చూడలేదు. నాయనమ్మ ఒక్కతే కూర్చుని దాన్ని లాగుతున్నది.

"ఏందత్తమ్మా, గిప్పుడు ఇసురుడేంది?" అన్నాడు మామ.

"మీరు పోండ్రి కొడుకా. నా రొట్టెకు నేను ఇసురుకుంటున్న. ఇగ నాకెదురుంగ కూసునేటోళ్ళెవలున్నరు?"

రాయి కాసేపు తిరిగేది, కాసేపు పట్టేసేది, కీచుమని మళ్ళీ కదిలేది. బండిలో అమ్మ తల తిప్పింది.

"గింజలు ఎక్కువ పోస్తున్నవత్తమ్మా" అన్నది. ఎన్నాళ్ళకో అమ్మ గొంతు విన్నాను.

"పోస్తే పోసిన. పిండి పలుకైతే పలుకు రొట్టెలే తింట. నీకేంది?"

అమ్మ బండి దిగింది. నేరుగా లోపలికి పోయి రాయికి అవతల కూర్చుని, పిడి మీద నాయనమ్మ చేతిని కిందికి జరిపి తన చెయ్యి వేసింది. చప్పుడు సాఫీ అయింది. నాలుగు చుట్లు తిరిగిందో లేదో, అమ్మ ఒక్కసారిగా గొల్లుమన్నది. తమ్ముడు పోయినప్పటినుంచి ఆమె కంట చుక్క రాలలేదు. బాపు గాబరాగా ముందుకు వచ్చాడు.

"ఆగు, ఆమెనాపకు!" అని నాయనమ్మ కసిరింది. తర్వాత, నేనెన్నడూ వినని మెత్తని గొంతుతో, "ఏడ్వు బిడ్డా. ఏడ్సుకుంటనే తిప్పు. నేను ముగ్గురి కోసం గీ రాయి మీదనే ఏడ్సిన" అన్నది.

బాపు కంటే ముందు ఆమెకు ముగ్గురు పుట్టి పోయారని నాకు ఆ రోజే తెలిసింది. బాపు ముఖం చూస్తే ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది.

మామ ఎడ్లను విప్పి మేత వేశాడు. అమ్మ విసరడం అయ్యాక నన్ను పిలిచి, పిండి చేతులతోనే జడ వేసింది. నా తలంతా తెల్లబడిందని నాయనమ్మ తిడుతుంటే నాకు పట్టరాని సంతోషం వేసింది.

మధ్యాహ్నం మామ తిరుగు ప్రయాణమయ్యాడు. నాయనమ్మ కొత్త పిండిని మా అమ్మమ్మ కోసం గుడ్డలో మూటగట్టి, బండిలో పొద్దున అమ్మ కూర్చున్న చోట పెట్టింది.

"మీ అవ్వకియ్యి కొడుకా," అన్నది. "నీ బిడ్డ ఇసిరిందని చెప్పు."