పూజ వేళ ఫ్యాను రీడింగు

రెండేళ్ల కిందటి సెప్టెంబరులో, పదవీ విరమణకు ఏడు నెలల ముందు, నాకొక లిఖితపూర్వకమైన ఆదేశం వచ్చింది. జంషెడ్‌పూర్‌లో ఒక ఇనుప పోత కర్మాగారంలో వైబ్రేషన్ విభాగానికి నేను సీనియర్ ఇంజనీరును. విభాగం అంటే నేనూ, ఒక మీటరూ, కూర్మారావు అనే ఫిట్టరూ. తిరిగే యంత్రం ఎంత అదురుతోందో కొలిచి, దాని బేరింగు ఎప్పుడు చెడుతుందో ముందుగా చెప్పడం మా పని. కర్మాగారంలో ఏటా యంత్రాలకు జరిపే విశ్వకర్మ పూజలో మంత్రాలు చదివేటప్పుడు రెండో నంబరు ఫ్యాను వైబ్రేషన్ కొలిచి నివేదిక ఇవ్వాలన్నది ఆ ఆదేశం.

ఆ ఫ్యాను కొలిమి పొగను లాగి బయటికి పంపుతుంది. దాని బేరింగు తీరు నాకు ఆగస్టు నుంచే నచ్చడం లేదు. సెకనుకు ఏడు మిల్లీమీటర్లు దాటితే యంత్రం ఆపాలని మా నియమం. అది తొమ్మిది చూపిస్తోంది. రెండు రోజులు ఆపితే బేరింగు మార్చవచ్చని మూడుసార్లు రాశాను. ఫ్యాను ఆపితే కొలిమి ఆగుతుంది, కొలిమి ఆగితే నెల లక్ష్యం ఆగుతుంది. కాబట్టి ఏదీ ఆగలేదు. షిఫ్టుకోసారి ఆ బేరింగు పక్కన మోకాళ్ల మీద కూర్చుని గ్రీజు ఎక్కించేది కూర్మారావు. లక్ష్యాలు పెట్టేవాళ్లకు ఆ దిక్కున పని ఉండేది కాదు.

మా వర్క్స్ మేనేజరు సైన్సు చదువుకున్నవారు, ఫోనులో వచ్చిందల్లా చదివేవారు. బీజాక్షరాల నాదానికి లోహంలో అణువులు సర్దుకుంటాయని ఆయనకెవరో పంపారు. మంత్రమంటే వైబ్రేషన్, వైబ్రేషన్ అంటే మీ విభాగం, కాబట్టి ఇది మీ పనే అని హిందీలో నాకు తర్కం చెప్పారు. ఫలితం బాగుంటే ఫ్యాను దగ్గర లౌడ్‌స్పీకరు కట్టి రికార్డు చేసిన మంత్రాన్ని ఇరవై నాలుగు గంటలూ వినిపిద్దామని, బేరింగు సంగతి మార్చిలో చూద్దామని అన్నారు. ఏడు నెలల్లో రిటైరయ్యేవాడికి పైవాళ్ల ముందు నవ్వు అంత త్వరగా రాదు. సరేనన్నాను.

పూజకు ఊళ్లోనే ఉన్న పర్సుడీహ్ పేట నుంచి సోమయాజులు గారు వచ్చారు. ఆయన తండ్రి రైల్వే గుమాస్తాగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈయన మా తెలుగువాళ్ల పెళ్లిళ్లకూ పూజలకూ పురోహితులు. మంత్రంలో ఒక్క అక్షరం జారనివ్వరు గానీ, మామూలు మాటల్లో శ్రీకాకుళం యాస వదలరు. పరీక్ష సంగతి చెబితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. తన వైపు కొలతలు చెప్పారు. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ప్లుతం మూడు. పాలపిట్ట కూత ఒక మాత్ర, కాకి కూత రెండు, నెమలి కూత మూడు. ఆ కాకిని కేలిబ్రేషన్ చేసిందెవరని అడిగాను.

"మీ మీటరుని ఎవరు సేత్తారు?" అన్నారు.

కొలత సరిచూడడానికి ఏటా కలకత్తా పంపిస్తామని చెప్పాను.

"కాకిని ఎక్కడికీ పంపక్కర్లేదు బాబూ," అన్నారు.

పదిన్నరకు పూజ మొదలైంది. కుడిచేత మీటరు కొసను బేరింగు మీద ఆనించి పట్టుకోవాలి గనక అక్షతలు ఎడమచేతికి మార్చుకున్నాను. దేవుడు క్షమించాడనే అనుకుంటున్నాను. సోమయాజులు గారు నాభి నుంచి ఊపిరి తీసి, స్వరం ఎత్తవలసినచోట ఎత్తి, దించవలసినచోట దించి చదువుతుంటే రీడింగు తొమ్మిది నుంచి నాలుగుకు దిగింది. మేనేజరు మీటరుకు నమస్కారం పెట్టారు. నాకూ ఒళ్లు జలదరించింది. నిజమేనేమో అనుకున్నాను కూడా.

మధ్యాహ్నానికి నివేదిక ఇంగ్లీషులో టైపు అయి వచ్చింది. మంత్రోచ్చారణ వల్ల వైబ్రేషన్ సగానికి పైగా తగ్గిందని అందులో ఉంది. కింద నా సంతకానికీ, పురోహితుల సంతకానికీ చోటు వదిలారు. లౌడ్‌స్పీకరు వాడు నిచ్చెనతో సహా వచ్చేశాడు. నేను పెన్ను తీశాను. సోమయాజులు గారు అందులో ఏముందో నా చేత తెలుగులో చెప్పించుకున్నారు.

"నేను మొదలెట్టే ముందు ఆ గాలి మెషిను జోరు తగ్గించినారు కదా బాబూ. నేకపోతే నా గొంతు నాకే వినపడదు. ఏటేటా తగ్గిత్తారు. ఆ మాట ఇందులో రాయలేదేటి?"

అది మా కర్మాగారం ఆనవాయితీ. పూజ వేళ ఆపగల యంత్రాలన్నీ ఆపుతాం. ఆపలేనిదాన్ని, మంత్రం వినపడేలా, వేగం తగ్గించి నడుపుతాం. కంట్రోల్ రూము వాళ్లకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. వేగం తగ్గితే అదురు తగ్గుతుందని నిన్న చేరిన ట్రైనీకీ తెలుసు. రీడింగు పక్కన వేగం రాయడం మా వృత్తిలో ఓనమాలు. ముప్పై నాలుగేళ్లు రాసినవాణ్ని ఆ రోజు రాయలేదు. పూజలో నిలబడి వేగం చూడడమేమిటని కాబోలు, అసలు ఆ ఆలోచనే రాలేదు.

లౌడ్‌స్పీకరు పెట్టె మంత్రం చదివితే ఊపిరి ఎవరిదని అడిగి, సంతకం పెట్టనని చెప్పి, పంతులు గారు కొబ్బరిచిప్పలు సంచిలో వేసుకున్నారు. కూర్మారావు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏటి సార్, బేరింగు మారుత్తారా, నేక నన్ను కూడా మంతరం సదూకుంటూ గ్రీజు ఎట్టమంటారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నాకు నా మీదే కోపం వచ్చింది. మేనేజరును వెంటబెట్టుకుని ఫ్యాను దగ్గరికి వెళ్లాను. లౌడ్‌స్పీకరులో మంత్రం పెట్టించి, పూర్తి వేగంలో ఆయన ఎదుటే కొలిచాను. తొమ్మిదిన్నర. రెండు రీడింగులూ, వాటి పక్కన రెండు వేగాలూ రాసి, ఫ్యాను ఆపకపోతే బాధ్యత వహించే అధికారి పేరు తెలుపగలరని ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టాను. ఆ వాక్యానికి మా ఆఫీసులో ఏ యంత్రమైనా ఆగుతుంది. మూడో రోజు ఫ్యాను ఆపారు.

బేరింగు విప్పితే, లోపలి గుండ్లను పట్టి ఉంచే కేజ్ మూడు ముక్కలై చేతికొచ్చింది. ఇంకో వారం తిరిగి ఉంటే ఇనుము ఎంత దూరం ఎగిరేదో చెప్పలేను. ఏ వైపు ఎగిరేదో చెప్పగలను. కూర్మారావు కూర్చునే వైపు.

మంత్ర ప్రభావం వల్ల లోపం సకాలంలో బయటపడిందని మేనేజరు ప్రధాన కార్యాలయానికి రాసుకున్నారు. ప్రశంసాపత్రం కూడా వచ్చింది. నేను ఖండించలేదు. ఒక విధంగా అది నిజమే, లోపం పట్టుకున్నది మంత్రం చదివిన మనిషే.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. ఏ స్థితిలో కొలిచామో రాయకపోతే, అంకె ఒక్క అబద్ధమూ ఆడకుండానే మనిషిని చంపగలదు. ఇది మా పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఉంది. నాకు గుర్తుచేయడానికి మాత్రం పర్సుడీహ్ నుంచి పురోహితులు రావలసి వచ్చింది.