పూజకు ఆగిన సర్వరు

2021 జూన్‌లో నన్ను సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరుగా నందిగామ బ్రాంచికి వేశారు. చుట్టుపక్కల మిల్లులు, కోల్డ్ స్టోరేజీల రికార్డులను క్లౌడులో, అంటే ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న సర్వర్లలో పెట్టి కాపాడటం మా పని. నా పైన విజయవాడలో ఒక చీఫ్ మేనేజరు ఉండేవాడు. ఆయనకు తెలిసిన వైద్యాలు రెండే: రీస్టార్టు, ఫార్మాటు.

ఆ ఏడు దసరాకి జగ్గయ్యపేటలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఓనరు ఆయుధపూజకు యంత్రాలన్నీ ఆపమన్నాడు. కంప్రెసర్లు ఆపితే సరుకు పాడవుతుంది కాబట్టి వాటికి మినహాయింపు దొరికింది. భక్తి అంతా పోయి కంటికి కనపడని సర్వరు మీద పడింది. అక్కడి కంప్యూటర్ ఆపరేటరు రజియా దాన్ని ఆపింది. మానిటరుకు పసుపు కుంకుమలు పెట్టారు. మర్నాడు సర్వరు లేవలేదు. ఏ రైతు బస్తాలు ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయో ఆ వివరమంతా దాంట్లోనే ఉంది.

నేను వెళ్ళేసరికి రైతులు గేటు దగ్గర కేకలేస్తున్నారు. రజియా గోడవారగా నిలబడి ఉంది. "ఓనరు గారు ఆపమన్నారండి, ఆపా. ఇంకేదీ ముట్టుకోలేదు సార్," అంది. ఓనరుకు తను ఆపమన్న సంగతి గుర్తున్నట్టు లేదు. చీఫ్ మేనేజరు ఫోనులోనే తీర్పు చెప్పేశాడు: ఆపరేటింగ్ సిస్టమ్ పోయింది, ఫార్మాట్ కొట్టండి, ఆ అమ్మాయిని సాయంత్రంలోగా తీసేయమనండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఇలాంటప్పుడు చేసే పద్ధతి ఒకటుంది. లేవని సర్వరు నుంచి డిస్కు విడదీసి, బాగున్న మరో సర్వరుకు తగిలించి, చెడినది సరిచేసి మళ్ళీ పాతచోట పెడతాం. ఆ రెండో సర్వరు కూడా డిస్కును తీసుకోలేదు. అంటే రోగం సిస్టమ్‌ది కాదు. డిస్కు మీది సమాచారమంతా ఎన్‌క్రిప్టు చేసి, అంటే రహస్య లిపిలోకి మార్చి ఉంటుంది. దాన్ని విప్పే కీ క్లౌడు ఖజానాలో విడిగా ఉంటుంది. సర్వరు లేచేటప్పుడే ఆ కీ అడుగుతుంది, నడుస్తున్నంతసేపూ మళ్ళీ అడగదు. ఖజానాలో చూస్తే ఆ కీ తొలగింపు వరసలో ఉంది, ఆ వరసలో ఉన్న కీ పనిచేయదు. గడువు ఇంకా మూడు రోజులు. అది దాటితే ఆ డిస్కును బ్రహ్మదేవుడు కూడా చదవలేడు. తొలగించమన్నది చీఫ్ మేనేజరు లాగిన్. పేరులేని కీ కనపడితే పనికిరానిదనుకుని శుభ్రం చేశాడు మహానుభావుడు.

తొలగింపు రద్దుచేసి, కీని మళ్ళీ పనిలో పెట్టి, డిస్కును పాతచోట తగిలించాను. సర్వరు లేచింది. నేను మనసులో వెక్కిరించిన ఆ పూజ వారం ఆలస్యంగా వచ్చివుంటే గడువు దాటిపోయి రికార్డులు శాశ్వతంగా పోయేవి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది.

రిపోర్టులో సిస్టమ్ లోపమని రాయమని చీఫ్ మేనేజరు చెప్పాడు. లాగిన్‌తో సహా ఉన్నదున్నట్టు రాసి, ఓనరుకు చదివి వినిపించాను. రజియా ఉద్యోగం నిలిచింది. అంతా విని ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది: "పేరు రాసుంటే ఆయన తీసేవారు కాదేమో కదండీ? మరి రాయంది ఎవరు సార్?"

రాయనిది నేనే. ఆ కీ తయారుచేసిన రోజు పేరు గడి ఖాళీగా వదిలేశాను. ఆ వాక్యం కూడా రిపోర్టులో చేర్చి సంతకం పెట్టాను. సర్వరు లేవకపోతే ముందు కీ చూడాలని, కీ చేసిన రోజే దాని పేరు రాయాలని ఆ దసరాకి నేర్చుకున్నాను. రెండోది నేర్పింది ఆపరేటరు.