తోడు లేనిదే మడమెత్తని దరియావలి

మా కోవూరు టైలరు దరియావలికి తోడు లేకుండా ఏ పనీ చేతకాదు. కాఫీ తాగాలంటే ఎదురుగా ఇంకొకరు తాగుతూ ఉండాలి. క్షవరం చేయించుకోవాలంటే పక్కన ఇంకొక తల ఉండాలి. ఆ తల చాలాసార్లు నాదే. 1959లో నేను హైస్కూలు అయ్యవారిగా వచ్చి అతని దుకాణం పక్క వాటాలో దిగాను. మొదటి నెలలోనే నాకు మూడు క్షవరాలయ్యాయి. మా హెడ్మాస్టరు నా నెత్తి చూసి, "తిరుపతి ఎప్పుడు వెళ్ళొచ్చారు?" అని అడిగారు.

ఎదురుగా సోడాకొట్టు రంగనాయకులు ఏకాదశికి ఉపవాసముంటాడు. ఆ రోజు దరియావలి కూడా అన్నం ముట్టడు. "ఆయనొక్కడే పస్తుంటే నాకు ముద్ద ఎట్టా దిగుతుంది?" అంటాడు. రంజాన్ వచ్చేసరికి మర్యాద కోసం రంగనాయకులు పగలంతా నోరు కట్టుకుని కూర్చోవలసి వచ్చేది. చుట్టూ సోడాలు, మధ్యలో ఆయన. "నా ఉపవాసం నెలకి రెండు రోజులబ్బా! నీది నెల పొడుగునా! మోసపోయినా!" అని లబలబలాడేవాడు.

దరియావలి భార్య బీజాన్ చెప్పే సంగతి ఇంకా ఘోరం. "నిఖా రోజు కూడా ఒంటరిగా కూర్చోలేదు అయ్యోరా. పక్కన వాళ్ళ చిన్నాన్న కొడుక్కి కూడా మొహాన పూలదండలు కట్టించి కూర్చోబెట్టినాడు. ఇద్దర్లో నా మొగుడెవరో తెలిసేటప్పటికి పొద్దు గుంకింది."

అలాంటి మనిషికి 1961 మాఘమాసంలో కాలి నరం తెగింది.

మనుబోలు జట్టుతో చెడుగుడు పందెం. మావాళ్ళకి ఒక మనిషి తక్కువ. చూడడానికి వచ్చిన దరియావలిని దిగమన్నారు. వయసు నలభై. "అయ్యోరు దిగితే దిగతా" అన్నాడు. పంచె ఎగ్గట్టుకుని నేనూ దిగాను. దరియావలి కూతకు వెళ్ళి, ఒకణ్ణి తాకి, తిరిగి రావడానికి కాలు నేలకు తన్ని లేచాడు. ఫట్‌మని చప్పుడైంది. గీత పక్కన ఉన్న రంగనాయకులు ఉలిక్కిపడి తన సోడాబుడ్లు చూసుకున్నాడు. అవన్నీ బాగానే ఉన్నాయి. దరియావలి మాత్రం బోర్లా పడి ఉన్నాడు.

"ఎవుర్రా నా మడమ మీద తన్నింది?" అని వెనక్కి తిరిగి కేక పెట్టాడు.

వెనక ఎవరూ లేరు. పదిగజాల అవతల నేనున్నాను.

"అయ్యోరా, మీరా?"

"నేను కాదయ్యా!"

లేవదీస్తే పాదం వేలాడింది. ఒక్క చుక్క రక్తం లేదు. మడమ పైన తాడులా బిగిసి ఉండవలసిన చోట బొటనవేలు దూరేంత గుంట పడింది.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు పద్మనాభయ్యగారు అతన్ని బోర్లా పడుకోబెట్టి పిక్కలు నొక్కారు. మంచి కాలి పాదం కదిలింది. రెండోది కదల్లేదు. "మడమ నరం తెగింది. కోసి కుట్టాలి" అన్నారు.

కుట్టు అన్న మాట వినగానే దరియావలికి ప్రాణం లేచొచ్చింది. "ఏం దారం డాక్టరుగారూ?"

"గట్టిదేలే."

"ఒంటి పేటా, జంట పేటా?"

"నువ్వు నోరు మూసుకుంటే జంట పేట."

"లోపల అరంగుళం మడత వదలండి సార్. రేపు బిగుతైతే ఇప్పుకోవచ్చు."

డాక్టరుగారు నవ్వి, తర్వాత నవ్వు ఆపి చెప్పారు. "కుట్టేది నేనే. నడవాల్సింది నువ్వు. మిషను తొక్కడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఇప్పుడే చెప్పలేను." దరియావలి కాలితో బతికే మనిషి. తన పాదం వైపే చూస్తూ ఉండిపోయాడు.

వేళ్ళ కొసలు కిందికి చూసేట్టు పెట్టి పాదానికి పిండికట్టు వేశారు. రెండు నెలలు ఆ కాలు నేల తాకకూడదు. మరి దుకాణం? బీజాన్ స్టూలు లాక్కుని అతని పక్కనే కూర్చుంది. గుడ్డ తోసేది అతను, మిషను తొక్కేది ఆమె. "నిదానం, మూల తిరగతా ఉండా!" అని అతనరిస్తే, "నా కాళ్ళకి మూలలేం తెలుసు!" అని ఆమె అరిచేది. ఆ రెండు నెలల్లో కుట్టిన చొక్కా ఒకటి నా దగ్గరుంది. దాని కాలరు కొంచెం కుడివైపుకి నడిచి పోతుంది. అయినా ఆ ఇద్దర్నీ అలా చూసి నేను నోరు తెరుచుకుని నిలబడిన రోజులున్నాయి.

కట్టు విప్పేసరికి పిక్క కర్రపుల్లలా అయింది. యెహోషువ అని మా ఊళ్ళో చెప్పులు కుట్టే ఆయన డాక్టరుగారి లెక్క ప్రకారం మడమ కింద అయిదు పొరల తోలు వేసి చెప్పు కుట్టాడు. నరం సాగే కొద్దీ ఒక్కొక్క పొర తీసేయాలి. పొద్దునా సాయంత్రం గోడ పట్టుకుని ముప్ఫైసార్లు మడమలెత్తాలి.

"ఒక్కడినేనా?" అని దరియావలి అడిగాడట.

"నేనూ రావాలా?" అన్నారట డాక్టరుగారు.

"వస్తే మంచిదే సార్."

డాక్టరుగారు రాలేదు. మా వీధి మొత్తం పోవలసి వచ్చింది. ఎండాకాలం సెలవులు, తప్పించుకోవడానికి నాకు బడి కూడా లేదు. పొద్దున్నే తలుపులు కొట్టి లేపేవాడు. వీధి చివర వెంకటశేషమ్మ ఇంటి గోడ దగ్గర నిలబెట్టేవాడు. "మీ ఇంటికి గోడ లేదా?" అని రంగనాయకులు విసుక్కుంటే, "ఈ గోడ నునుపుగా ఉండాది" అనేవాడు. ఎనిమిదిమంది మగవాళ్ళం గోడకు మొహాలు పెట్టి లేస్తూ, దిగుతూ ఉంటే, దారిన పోతున్న బండివాడొకడు ఎద్దుల్ని ఆపాడు. "ఈ గోడవతల ఏముందబ్బా?" అంటూ వచ్చి మా పక్కన మునివేళ్ళ మీద నిలబడి తొంగిచూశాడు.

అవతల అరుగు మీద వెంకటశేషమ్మ కూర్చుని ఉండేది. నాట్లు వేసే కూలీల్లో ముందు వరస మనిషి. ఆ మాఘంలోనే, కోతల్లో పక్క మనిషి కొడవలి జారి ఆమె మడమ నరం తెగింది. కుట్టింది ఆ డాక్టరుగారే. ఆమెకీ, దరియావలికీ కట్టు విప్పింది ఒకే రోజున. కానీ ఇంటికొచ్చాక ఆమె ఆ కాలు కింద పెట్టలేదు. "మళ్ళీ పుటుక్కుమంటే?" అని ఒకటే భయం. యెహోషువ కుట్టిన చెప్పు అరుగు మీదే ఉండేది.

నాలుగో రోజున దరియావలి ఆమె దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాడు. "అక్కా, నాకు ఒకటే భయంగా ఉండాది. నువ్వు లేస్తే నేనూ లేస్తా."

"నాకూ భయమేన్నా."

"అయితే ఇద్దరం భయపడతానే లేద్దాం, రా."

ఆమె చెప్పు తొడుక్కుని వచ్చి గోడకి చేతులానించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆమె మడమ వడ్లగింజంత ఎత్తు లేచింది. ఎప్పుడూ గొణిగే రంగనాయకులు కూడా ఆమెతో పాటు మడమలెత్తాడు. నేను నా లెక్క మరిచిపోయి మళ్ళీ ఒకటి నించి మొదలుపెట్టాను.

అప్పటినించీ ఆమె ఒక పొర తీస్తే, మర్నాడు దరియావలి ఒక పొర తీసేవాడు. ఆమె ఇరవైసార్లు లేస్తే అతను పద్దెనిమిదికి ఆయాసపడేవాడు. "నువ్వు ముందు పోతా ఉండక్కా, నేను వెనక వస్తుండా" అనేవాడు. ఆమె అతన్ని కోప్పడి లేపేది.

భాద్రపదంలో నెల్లూరులో బస్సు కోసం పరుగెత్తి, తప్పిపోయి, రోడ్డు మీద నిలబడ్డాను. అంతలో గుడ్డల మూట భుజాన వేసుకుని ఒక మనిషి నన్ను దాటి లేడిలా పరుగెత్తి, కదిలే బస్సు మెట్టు మీదికి ఎగిరి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. దరియావలి! నేనొక్కణ్ణే మిగిలానని చూసి మూటతో సహా కిందికి దూకేశాడు.

"దరియావలీ! కాలు!"

"ఏ కాలు?" అన్నాడు. తర్వాత తలొంచుకున్నాడు.

"ఎప్పుడు బాగైంది?"

"నెలన్నరైంది. డాక్టరుగారు ఆ ఎత్తు చెప్పు పారెయ్యమన్నాడు. మిషనూ తొక్కతా ఉండా, తలుపేసుకుని."

"మరి రోజూ ఆ కుంటుడేమిటయ్యా?"

"అక్కకి ఇంకా రెండు పొరలుండాయి గదా. నేను పరిగెత్తతా ఉంటే ఆమె ఒక్కతే అయిపోతుంది. ఎవరికీ చెప్పబాకండి అయ్యోరా."

నేను చెప్పలేదు. కార్తీకంలో నాట్లు పడ్డాయి. ఒక ఆదివారం అటు వెళితే, వెంకటశేషమ్మ మోకాటి లోతు బురదలో ముందు వరసలో వంగి, చకచకా వెనక్కి నడుస్తూ నారు నాటుతోంది. నేను గట్టు మీద నిలబడి, ఏమీ తెలియనట్టు, "దరియావలి కాలు ఎట్లా ఉందమ్మా?" అన్నాను.

ఆమె నడుమెత్తి నవ్వింది. "ఆయన కాలికేం అయ్యోరా! సోమవారం కుడికాలు కుంటతాడు, మంగళవారం ఎడమకాలు కుంటతాడు."

"నీకు తెలుసా! మరి అడగలేదేం?"

"అడిగితే పాపం సిగ్గుపడిపోడా? అంత కష్టపడి కుంటతా ఉంటేనూ! అందుకే ఆఖరి పొర నేనే పదిరోజులు ఎక్కువ ఉంచినా, తోడుగా."

ఆమె మళ్ళీ వంగి ఒక అడుగు వెనక్కి వేసింది. మడమ బురదలో దిగి, తేలిగ్గా పైకి వచ్చింది. నేను దానికేసే చూస్తూ నిలబడిపోయాను.

"అదేంది, గట్టు మీద ఒక్కరే నిలబడుండారే?" అంది ఆమె. "దిగండయ్యోరా, ఆ నారుకట్ట ఇటందీండి."

పంచె ఎగ్గట్టుకుని దిగాను.