పిన్నిగారి హైడ్రాంజియా

నా చిన్నప్పుడు మా పక్కింట్లో అద్దెకు దిగిన పిన్నిగారు సామానంతా లారీలో వేయించి, ఒక్క పూలకుండీని మాత్రం ఒళ్లో పెట్టుకుని వచ్చారు. వాళ్ల పుట్టిల్లు ఎక్కడో చల్లటి కొండల మీద. వాళ్ల నాన్నగారు పెంచిన మొక్కట అది, పేరు హైడ్రాంజియా. ఆడుకునే బంతి అంతేసి గుత్తులు, లేత నీలం. రామచంద్రపురంలో మేమెవరమూ అటువంటి పువ్వు చూసి ఎరగం. బడి నుంచి రాగానే వాళ్ల వరండాలో ఆ గుత్తుల ముందు కూర్చుంటే, పొగమంచు కమ్మిన ఏదో ఊళ్లో ఉన్నట్టుండేది నాకు.

వేసవి మొదట్లో వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. బయల్దేరుతూ పిన్నిగారు కుండీ నా చేతుల్లో పెట్టారు. "దీనిమీద నీకే ఎక్కువ ప్రేమమ్మా. కాస్త చూసుకుంటూ ఉండు" అన్నారు.

ప్రేమకేం లోటు చేయలేదు నేను. మధ్యాహ్నం ఆకులు వేలాడితే చాలు, చెంబుడు నీళ్లు పోసేదాన్ని. ఇంకా వేలాడితే ఇంకో చెంబు. పది రోజులు తిరిగేసరికి ఆకులు పొద్దున కూడా లేవడం మానేశాయి. అంచులు మాడాయి. గుత్తులు గోధుమరంగుకు తిరిగాయి. కుండీలోంచి మురుగువాసన. ఎవరికీ చెప్పలేక వంటింటి వెనక దాచేశాను.

మా తాతయ్య కనిపెట్టేశారు. ఆయన వయసులో ఉండగా కడియం నర్సరీల్లో అంట్లు కట్టిన మనిషి. నన్ను ఒక్క మాటా అనలేదు. కుండీ తిరగేసి, అరచేత్తో తట్టి, మొక్కను మట్టితో సహా బయటికి తీశారు. వేళ్లు సగం నల్లబడి, పట్టుకుంటే జావలా ఊడొచ్చాయి. కుళ్లినంత మేరా కత్తిరించారు. కుండీ అడుగున పూడిపోయిన చిల్లు పొడిచి, ఇసుకా ఆకుఎరువూ కలిపిన కొత్త మట్టిలో నాటారు. తర్వాత మొక్కకు భారం తగ్గాలని గుత్తులన్నీ తుంచేశారు. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు భోజనాలయ్యాక, నూతి పక్కన నీడలో కుండీ పెట్టి నన్ను కూర్చోమన్నారు. ఎండ ముదిరేకొద్దీ మిగిలిన నాలుగాకులూ సోలిపోయాయి. చెంబు కోసం లేచాను. తాతయ్య నా వేలు పట్టుకుని మట్టిలోకి గుచ్చారు. లోపల చల్లగా, తడిగా ఉంది.

"దాహం కాదు అమ్మలూ, ఎండకి బడలిపోయింది. చల్లబడితే అదే లేస్తుంది."

"అందాకా నేనేం చెయ్యాలి తాతయ్యా?"

"ఏం చెయ్యక్కర్లేదు. పక్కన కూర్చో, చాలు."

కూర్చున్నాను. కొబ్బరాకుల నీడలు గచ్చుమీద మెల్లగా జరుగుతున్నాయి. కాలవ మీంచి గాలి వచ్చి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి పోతోంది. నిద్రో మెలకువో తెలియదు. నేనూ ఆ కొమ్మకే వేలాడుతున్నట్టు అనిపించింది. కళ్లు తెరిచేసరికి ఎండ గోడెక్కింది. ఆకులు ఎప్పుడు లేచాయో నేను చూడనే లేదు.

మూడు వారాలకు కాండం మొదట్లో గోరంత చిగురు కనబడింది. ఆ వారమే పిన్నిగారు తిరిగొచ్చారు. నాన్నగారు పోయారు. వీధిలో ఆడవాళ్లంతా ఆవిడ చుట్టూ చేరి, ఏడవొద్దంటూ, కాఫీ తాగమంటూ సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆవిడ గోడకేసి చూస్తూ ఉండిపోయారు.

అందరూ వెళ్లాక నేను కుండీ పట్టుకుని వెళ్లాను. "నీళ్లు ఎక్కువ పోసేశానండీ. పూలన్నీ పోయాయండీ" అన్నాను. కుండీ దింపి ఆవిడ పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి ఆవిడ వేలు చాపి ఆ చిగురును తాకారు.

"మా నాన్న కూడా మొదట్లో ఒకటి ఇలాగే కుళ్లబెట్టారంట" అన్నారు. అని నవ్వారు, వెంటనే ఏడ్చారు. ఆ తర్వాత దీపాలు పెట్టేవేళ దాకా నాన్నగారి కబుర్లే.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. మా కోడలు ఆఫీసు నుంచి ముఖం వాడిపోయి వచ్చినా, మనవరాలు ఫోను పక్కన పడేసి మూల ముడుచుకున్నా, ఏమైందని అడగను. ఓ కుర్చీ లాక్కుని దగ్గర కూర్చుంటాను. వాళ్లంతట వాళ్లు నోరు విప్పేదాకా, ఎంతసేపైనా.