అమ్మ వచ్చిన రోజు లేతు తిరగలేదు

గాలి సోకింది, దెయ్యం పట్టింది అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా బోగోలులో ఎవరికి జ్వరమొచ్చినా అదే మాట. ముందు మాత్ర మింగండయ్యా అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో బిట్రగుంటలో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు పని, అంటే ఇనుమును తిప్పుతూ చెక్కే మిషను పని, నేర్చుకుంటున్నాను. ఇనప కడ్డీని దవడల్లో కరిచి పట్టుకుని గిర్రున తిరిగేదాన్ని చక్ అంటారు. ఆ దవడలు బిగించే పిడి చక్ కీ. బిగించగానే కీ తీసెయ్యాలి. మరిచి స్విచ్ వేస్తే అది ఎగిరి ఎదుటివాళ్ళ తల పగలగొడుతుంది. "చక్ మీద చెయ్యి తీసినావంటే, చేతిలో కీ ఉండాల" అని మా మేస్త్రీ రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు.

నాన్న పోయాక అమ్మ ఎండుచేపలు అమ్మి నన్ను పెంచింది. ఇనుము చెక్కితే కూడెవరు పెడతారని ఆమె అనుమానం. ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా అన్నం క్యారియర్‌తో షాపుకే వచ్చేసింది.

"ఏదిరా, నువ్వు చేసే పనేందో నన్నూ చూడనీ" అంది.

నాకెక్కడలేని హుషారు వచ్చింది. గబగబా కడ్డీ పెట్టి బిగించాను. అమ్మ చక్ మీదికి వంగి చూస్తోంది. స్విచ్ నొక్కాను.

కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఊహూ. పక్కన రెండు లేతులు అదే కరెంటు మీద తిరుగుతున్నాయి. పొద్దుటినుంచీ నాదీ తిరిగిందే. అమ్మ ముందు పరువు పోయిందని మూడోసారి గుద్దినట్టే నొక్కాను.

"ఏందిరా అబ్బయా, నీ మిషను అలిగినాదా?" అని నవ్వింది అమ్మ.

అప్పుడు చూశాను. కీ చక్‌లోనే ఉంది. అమ్మ ముఖానికి దానికీ మధ్య జానెడు దూరం లేదు.

కీ లాగేసి, అమ్మను రెక్క పట్టుకుని అవతలికి ఈడ్చాను. మేస్త్రీ వచ్చి నా చేతిలో కీ, నా ముఖం చూశారు. ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది. చెంప మీద ఒకటిచ్చి, తానే స్విచ్ వేశారు. మొదటి నొక్కుకే లేతు తిరిగింది.

సాయంత్రం దాకా స్విచ్, వైర్లు, మోటారు అన్నీ విప్పి చూశారు. ఒక్క లోపం దొరకలేదు. "ఆయుధపూజకు బొట్టు పెట్టినాం, ఊరికే పోద్దా" అన్నారు మేస్త్రీ. మేం క్రైస్తవులం. సంగతి తెలిశాక అమ్మ మోకాళ్ళూని ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. నేను మాత్రం ఎక్కడో వైరు వదులైందనే వాదించాను. కానీ నేనక్కడ పనిచేసిన ఆరేళ్ళలో ఆ లేతు మళ్ళీ మొరాయించలేదు. పోనీ, కీ అలాగే ఉంచి స్విచ్ వేసి చూద్దామంటే, అంత గుండె మాలో ఎవరికీ లేదు.

తడ దగ్గర కంప్యూటర్‌తో నడిచే లేతుల పని నేర్చుకుంటున్న మా మనవడు ఇది విని నవ్వాడు. తలుపు సరిగా పడకపోతే తమ మిషను అసలు తిరగదట, ఇందులో వింతేముంది అంటాడు. "ఒరేయ్, మా లేతుకు తలుపే లేదురా" అన్నాను.

కారణం నాకిప్పటికీ తెలియదు. తెలియకపోతే పీడాపోయె. అమ్మ ఆ తర్వాత పాతికేళ్ళు బతికింది. ప్రతిదానికీ నన్ను తిట్టేది. ఆ తిట్లు వినబడినప్పుడల్లా, హమ్మయ్య, ఉంది అనుకునేవాణ్ణి.