తండా బడి బొమ్మల పటం

2010లో నన్ను అప్పటి వరంగల్ జిల్లా నర్సింహులపేట మండలానికి విద్యాధికారిగా వేశారు. ప్రాథమిక బడుల తనిఖీతో పాటు పాత సామాను ‘కండెమ్’ చేయడం, అంటే ఇక పనికిరాదని రాసి వేలానికి పంపడం, మా పనుల్లో ఒకటి. ఆ వేలాల వల్లనే నాకొక ఇష్టం అబ్బింది. గుడ్డ అతికించిన పాత దేశపటాలు, పళ్ల బొమ్మల చార్టులు కొని, ఫ్రేము కట్టించి, జనగామలోని మా ఇంటి గోడలకు వేలాడదీసేవాణ్ణి. మా ఆవిడ సరోజ వంటింటి గోడ ఒక్కటి వదిలేయమనేది. కొన్నాళ్లకు అక్కడికీ ప్రపంచపటం ఎక్కింది. అయితే కండెమ్ చేసిన అధికారి ఆ వేలంలో పాడకూడదు. కాబట్టి నా మండలం బడుల జోలికి పోయేవాణ్ణి కాదు.

ఒక తండా బడిలో మాత్రం ఆ కట్టుబాటు నాకు కష్టంగా తోచింది. వెనకెప్పుడో అక్కడ పనిచేసిన పంతులు చేత్తో గీసిన పెద్ద పటం అది. ఆవు, గుర్రం, నీళ్లు, తల్లి. ఒక్కో బొమ్మ కింద తెలుగు పేరు, దాని కింద తెలుగు అక్షరాల్లోనే లంబాడీ పేరు: గావడి, ఘోడో, పాణి, యాడి. అలాంటిది నేను మరెక్కడా చూడలేదు. అంచులు చెదలు తిన్నాయని హెడ్మాస్టర్ దాన్ని కండెమ్ జాబితాలో చేర్చారు. నా సంతకమే తరువాయి. కావాలంటే ఇంకెవరితోనైనా పాడించుకోవచ్చని ఆయనే దారి చెప్పారు. నేను ఒప్పుకోలేదు.

బడి కమిటీలో మంగ్లి అనే సభ్యురాలు ఉండేది. వ్యవసాయం చేసుకునే మనిషి, ఆ బడిలోనే చదువుకుంది. జాబితా చదువుతుండగా లేచి నిలబడింది.

“కాయితం చినిగింది సారు, పేర్లు చినిగినయా? బడికొచ్చిన కొత్తల నాకు తెలుగు రాదు. పంతులు గీ బొమ్మల మీద కట్టె పెట్టి మా మాటల చెప్పినంకనే నోరు తెరిచిన. గిప్పటి పోరగాండ్లది సుత గదే కత.”

పటాన్ని జాబితాలోంచి కొట్టేశాను. కానీ విప్పిన ప్రతిసారీ కాగితం రాలుతోంది, ఇంకో వానకాలం ఆగదు. గోడ మీదికి ఎక్కిస్తే నిలుస్తుందని మంగ్లితో అన్నాను. బడి గ్రాంటులో అందుకు డబ్బు లేదని కూడా చెప్పాల్సి వచ్చింది.

మరుసటి ఏడు తెలంగాణ కోసం అందరం సమ్మెలోకి దిగాం. బడులు మూతపడ్డాయి. ఊరూరా గోడల మీద నినాదాలు రాస్తున్న సమ్మయ్య అనే పెయింటరు ఆ తండాకూ వచ్చాడు. మంగ్లి అతనికి అన్నం పెట్టి, పటం ముందు పెట్టి, బడి గోడ చూపించింది. సమ్మె ముగిశాక వెళ్తే బొమ్మలన్నీ గోడ మీదున్నాయి. సమ్మయ్య దగ్గర మిగిలింది నీలం రంగే కావడంతో ఆవు నీలంగా ఉంది. పిల్లలకు దాంతో పేచీ లేదు. “గావడి” అని ఒకటే అరుపు.

తర్వాత నేను జనగామకు హెడ్మాస్టరుగా బదిలీ అయ్యాను. గోడ మీద బొమ్మలున్నాయి కనుక అసలు పటాన్ని వేలం వేయాలని కమిటీ తీర్మానించింది. ఆ మండలానికి నేనిప్పుడు అధికారిని కాను, పాడే హక్కుంది. బస్సెక్కి పోయి పాడాను. నాకు పోటీగా ఎవరూ రాలేదు. మంగ్లి పటాన్ని చుట్టి చేతికిస్తూ, “ఎవలన్న అడిగితే మా తండా పేరు చెప్పు సారు” అంది. ఇప్పుడది మా ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్లు అడుగుతుంటారు, నేను చెబుతుంటాను.

కండెమ్ జాబితాలో ‘చిరిగినది’ అని రాయడానికి ఒక గడి ఉంటుంది. ‘అవసరం ఉందా’ అని అడిగే గడి ఉండదు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, అలాంటి జాబితా మీద సంతకం పెట్టేముందు ఆ బడిలో చదివినవాళ్లను పిలిపించి అడిగేవాణ్ణి.